దొర గొంతు

వజ్రకరూరు,
9-2-1958

తమ్ముడు జిలానుకు అక్క రమీజా రాసేది.

ఈడ అందరం బాగుండాము. నీ కార్డు అందింది. నాలుగు వరసలు రాస్తివి, అందులో రెండు కదిరి ఎండ గురించే. మీ బావకు ఈ నెలంతా దూది ఏకే పని ఉండాది. పరుపులకని గుంతకల్లు నుంచి కూడా వస్తాండారు. ఇంట్లో యాడ చూసినా దూదే, సంగట్లో కూడా.

నాయన పోయి రెండేండ్లాయ. ఆ దినం పొద్దున బస్సు దిగి, మట్టి వేసి, మధ్యాన్నం బస్సుకే పోతివి. ఇంటి గడప తొక్కలేదు. నేను ఆ పొద్దు ఏడుస్తా ఉండి అడగలేదు, ఇప్పుడు అడుగుతాండా. కరువు పనిలో కూలోళ్ల హాజరు మస్తరు రాస్తాంటివి, అది ఆగిపోతానే కదిరికి పోతివి. ఆరేండ్లు. ఈ ఊరు నిన్ను ఏమి చేసిందప్పా?

నాయన ఇరవై ఏండ్లు దొరకు వంట చేసిన బంగళా పైకప్పు పడిపోయింది. మనం ఆడుకునే వంటిల్లు మాత్రం నిలబడుండాది.

బాలప్ప నిన్ను అడిగినాడు. "మస్తరు రాసే జిలాను యాడుండాడు, బాగుండాడా" అని. ఆ కరువు పని కంకర గుంతలో గట్టు ఇరిగి పడి ఆయప్ప పెండ్లాం హనుమక్క చచ్చిపోయ గదా, ఆ బాలప్ప. కుడికాలు ఈడ్చుకుంటా వచ్చి చావిట్లో కూర్చుంటాడు. ఇప్పటికీ అదే మాట, "దొర దిగమన్నాడు, దిగినాము" అని. దొరలు దేశం ఇడిసి అప్పటికే ఐదేండ్లు! ఊరికి ఆయప్ప నవ్వులాట అయిపోయినాడు. పిల్లోల్లు వెనక చేరి "దొర వచ్చినాడు" అని అరుస్తారు. ఆ కాలితోనే లేచి నిలబడతాడు. మొన్న నేను ఇద్దరిని తరుముకున్నా.

నువ్వు ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడతాండావని కదిరికి పోయొచ్చినోళ్లు చెప్పినారు. అదేమి పనో రాయి. పీర్ల పండక్కన్నా రా.

నీ అక్క,
రమీజా


కదిరి,
21-2-1958

అక్కకు, బావకు సలాము.

పని గురించి అడిగితివి. చెప్తే నవ్వుతావు.

మా మిల్లు యజమాని వెంకటేశులన్న శెనక్కాయల నూనె మద్రాసుకు, బెంగుళూరుకు పంపిస్తాడు. వ్యాగన్లు కావాలంటే రైల్వే ఆఫీసుకు ఫోను చెయ్యాల. ఆ పని గుమాస్తా ఒకాయన చూస్తాండె. బి.ఏ. చదివినాడు, తప్పు లేకుండా మాట్లాడతాడు. అయినా అవతలోళ్లు "రేపు చూద్దాం" అని పెట్టేస్తాండిరి. ఒక దినం ఆయప్ప రాలేదు. ఫోను నేను ఎత్తినా. ఏం తోచిందో, బంగళాలో మన దొర మాట్లాడినట్ల, సగం మాట మింగి సగం ముక్కులోంచి వదిలి, "లుక్ హియర్" అన్నా. అంతే అక్కా. అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది. మనిషి లేచి నిలబడినాడు! ఫోన్లో నేను కనపడతానా ఏమన్నానా? "సార్, సార్" అని అడిగిన దానికంటే ఒక వ్యాగను ఎక్కువే ఇచ్చినాడు.

అప్పటి నుంచి ఫోను నాది. నాకొచ్చే ఇంగ్లీషు నూరు మాటలు దాటదు. బి.ఏ. గుమాస్తా పక్కన కూర్చుని తెలుగు అక్షరాలతో చీటీ మీద రాసిస్తాడు, నేను దొర మాదిరి చదివేస్తా. పాపం, ఆయప్ప చదువుకు లేని గౌరవం నా ముక్కుకు ఉండాది. ఈడ హైస్కూలు అయ్యవారు ఒకాయన నన్ను పట్టుకుని "నీదే అసలైన ఇంగ్లీషు" అంటాడు. ఒక వాక్యం సొంతంగా రాయమంటే నేను రాయలేను.

మొన్న ఒకటి జరిగింది. రైలు టికెట్టు తీసుకునే తావ జనం ఉంటే, తమాషాకు వెనక నుంచి "ఎక్స్‌క్యూజ్ మీ" అన్నా. ముందరుండే ముసలాయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని పక్కకు జరిగినాడు. తిరిగి చూసినాడు. లుంగీ కట్టుకుని నేను నిలబడుండా. చూసినంక కూడా ఆయప్ప తలగుడ్డ మళ్లా చుట్టుకోలేదు. అందరూ నవ్వినారు. నాకు నవ్వు రాలేదు.

పీర్ల పండగప్పుడు విత్తనాల కాలం. మిల్లులో ఊపిరాడదు. రావడం కుదరదు, ఏమీ అనుకోవద్దు. ఇక్కడి మల్లెలు బాగుంటాయి, ఎవరన్నా వస్తే పంపిస్తా.

తమ్ముడు,
జిలాన్ బాషా


వజ్రకరూరు,
16-4-1958

తమ్ముడూ,

పేజీలు నింపి రాస్తివి. చదివి మీ బావ పడీపడీ నవ్వినాడు. బాలప్ప నిన్ను అడిగినాడని నేను రాస్తే, ఆయప్ప పేరు నీ కాగితంలో ఒక్క తావా లేదు. మర్చిపోయింటావులే.

ఈడ ఒక వింత జరిగింది. రాళ్ల పరీక్ష చేసే ఆఫీసర్లు జీపులో వచ్చి, మూడు దినాలు డేరాలేసుకుని ఉండిరి. వజ్రాలు దొరికే ఆ నీలం రాయిని చూడనీకి. వాళ్లతోపాటు ఒక తెల్ల ముసలాయన, ఇంగ్లండు మనిషి. బక్కగా, ఎండకు మూతి ఎర్రగా కాలిపోయి, చూస్తేనే జాలి పుట్టేట్టుండాడు.

ఆయన నోరు తెరిస్తే ఊరు ఎట్ల మారిపోయిందో చూడాల్సింది నువ్వు. మన రంగన్న, ఖద్దరు కట్టుకుని రెండుసార్లు జైలుకు పోయొచ్చిన మనిషి, ఆయన మాట వినపడతానే మంచం మింద నుంచి లేచి "కూర్చోండి దొరా" అనేసినాడు. అనేసి నాలుక కరుచుకున్నాడు. సుంకమ్మవ్వ కొంగు మూతి దాకా లాక్కుని పిల్లోల్లను లోపలికి తోసి తలుపేసుకుంది. బయమ్మ మాత్రం వాకిట్లోనే నిలబడి "ఎంత మెత్తగా మాట్లాడతాడే తల్లీ" అని మురిసిపోయింది. పాపం ఆయన అడిగింది చెంబుడు నీళ్లు.

చావిట్లో ఉండేటోళ్లు ఊరుకుంటారా? "పో బాలప్పా, నీ దొర వచ్చినాడు, పలకరించి రాపో" అన్నారు. నిజంగానే పోయినాడు. మూడు దినాలూ ఆ డేరాల తావే, దూరంగా కూర్చుని, ఆయన మాట్లాడేదంతా వినినాడు. అర్థం అయితాదా ఏమన్నానా? ఊరికే గొంతు వినినాడు.

జీపులు పోయినంక మా ఇంటికొచ్చినాడు. నీళ్లిస్తే తాగలేదు. "అమ్మా, నువ్వు బంగళాలో పెరిగినదానివి. ఒకటి అడుగుతా, నిజం చెప్పు. మీ దొర ఎప్పుడన్నా, ఎవరినన్నా, అప్పా అన్నాడా?" అన్నాడు.

"ఎందుకు బాలప్పా?" అంటి.

"ఆ దినం గుంత తావ నన్ను దిగమన్న గొంతు, 'దిగప్పా' అనింది. ఇన్నేండ్లు ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఈయన్ని మూడు దినాలు వింటి. ఈ గొంతు వేరే, ఆ గొంతు వేరే. మనలో మనం పిలుచుకునే మాట అది, దొర అప్పా అంటాడా అమ్మా?"

నేను ఆయప్ప మొగం చూసినా. అనడు అని చెప్తి.

ఆయప్ప లేచి పోయినాడు. నేను పొయ్యి మింద ఎసురు పెట్టి, అందులో పిండి పోసేది మర్చిపోయి నిలబడుకోనుంటి. నీళ్లన్నీ ఇగిరిపోయ.

రమీజా


కదిరి,
25-4-1958

అక్కకు,

నీ జాబు అందింది. బాలప్ప తల సరిగ్గా లేని మనిషి. అట్లాంటోళ్లతో మాటలు పెంచుకోవద్దు. ఆయప్ప అడిగితే నువ్వు జవాబు చెప్పాల్సిన పనేముండె? తెలీదు అంటే సరిపోయేది.

ఇట్లాంటివి ఇకమీద రాయొద్దు. నా జాబులు ఈడ నలుగురి చేతులు దాటి వస్తాయి.

ఆయప్ప ఇంకా ఏమన్నా అన్నాడా? ఎవరి పేరన్నా చెప్పినాడా? అది మాత్రం రాయి.

జిలాన్ బాషా


వజ్రకరూరు,
10-5-1958

జిలానుకు,

ఎవరి పేరూ చెప్పలేదు. నిమ్మళంగా ఉండు.

రాయొద్దంటివి. రాస్తాండా. నేను ఐదో తరగతి చదివింది ఎందుకు మరి, నాయన నన్ను బడికి పంపించింది ఎందుకు?

గట్టు పడిన దినం బాలప్పను మంచం మింద మోసుకొచ్చి చావిట్లో దించితే, నీళ్లు తాపింది నేను. "దొర ఏమన్నాడు బాలప్పా" అని ఎవరో అడిగితే, ఆయప్ప నొప్పితో మూలుగుతానే "ఊలేజి బెగ్గరు అన్నాడు, గెడ్డవును అన్నాడు" అని చెప్పినాడు. అందరికీ అది పిచ్చి మాట. నాకు కాదు. "యూ లేజీ బెగ్గర్" అని తోటమాలిని తిట్టే దొర ఒక్కడే ఈ తట్టు. తోటమాలి అప్పటికే పోయినాడు, ఇంక ఆ తిట్టు తెలిసినోళ్లు ముగ్గురు. నాయన, నువ్వు, నేను. నాయన ఆ పొద్దు ఇంట్లో జ్వరంతో పండుకోనుండె.

ఖాళీ చెంబు తీసుకుని ఇంటికొచ్చేస్తి. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆయప్ప 'అప్పా' అనే మాట చెప్పినాడు. నీకు గుర్తుందా? వంటింటి వెనక నిలబడి దొర మాదిరి అరుస్తాంటివి, "గెట్ అప్ అప్పా" అని. నాయన నవ్వుతా నెత్తిన మొట్టేవాడు, "దొర అప్పా అనడురా, నేర్చుకుంటే సరిగ్గా నేర్చుకో" అని. ఎన్నిసార్లు మొట్టినా నీ నోట్లోంచి ఆ 'అప్పా' పోలేదు.

ఆరేండ్లు నేను ఆయప్పకు గంజి తీసుకుపోతాండా, చినిగిన గుడ్డలు కుట్టిస్తాండా. ఊర్లో అందరూ "రమీజా మనసు మంచిది" అంటాండారు. అన్నప్పుడంతా నాకు ఒళ్లు కంపరం. పిల్లోల్లు ఆయప్పను పిచ్చోడు అని అరిస్తే తరమడం చేతనయింది. ఆయప్ప పిచ్చోడు కాదు అని ఒక్క మాట చెప్పడం చేతకాలేదు. చెప్తే నీ పేరు చెప్పాల గదా.

నువ్వు కాదని రాయి. ఒక్క వరస రాయి చాలు, నమ్ముతా.

రమీజా


కదిరి,
2-6-1958

అక్కా,

కాదని రాయాలని మూడు కాగితాలు చింపినా.

నేనే.

ఎట్ల జరిగిందో రాస్తా. ఆ పొద్దు గంజి గంట కొట్టినారు, కూలోళ్లంతా తొట్టి తావకు పోయినారు. బాలప్ప, హనుమక్క మాత్రం గుంత పక్కన తుమ్మ చెట్టు కింద కూర్చోనుండిరి. పొద్దున్నే ఆయప్ప నాతో చెప్పినాడు, "గట్టు నెర్ర ఇచ్చింది, ఈ పొద్దు కింద పని వద్దు" అని. నేను ఆ మాట ఓవర్సీరు ఓబుళేసుకు చెప్తి. ఆయనకు సాయంత్రం పెద్ద ఆఫీసరు కొలతకు వస్తాడని భయం. ఆ మూల కంకర తక్కువ పడింది.

"రోజూ ఒక సాకు ఈళ్లకు" అన్నాడు. మళ్లా నా తట్టు చూసి నవ్వి, "నీ దొర గొంతు ఒకసారి రానీ జిలానూ, లేస్తారో లేదో చూద్దాం" అన్నాడు.

ఓబుళేసు బలవంతం చెయ్యలేదు. కొట్టలేదు. పని తీసేస్తానని అనలేదు. నాకు ఆ గొంతు ఇష్టం అక్కా. అది బయటికొస్తే నేను కరీం సాబ్ కొడుకు కాదు, మస్తరు రాసే జిలాను కాదు, వేరే ఎవరో. ఆ సరదాకే డేరా చాటుకు పోయి నిలబడినా. "ఏయ్ మ్యాన్! యూ లేజీ బెగ్గర్! గెట్ డౌన్!" అని, దొర తెలుగులో "దిగు, దిగు" అని అరిచినా. 'అప్పా' అని నేను అనుకుని అనలేదు. నోరు జారింది.

డేరా గుడ్డ సందులోంచి చూస్తే బాలప్ప లేచినాడు. కొంచెం సేపటికి హనుమక్క తట్ట ఎత్తుకునింది. మేమిద్దరం నోటికి గుడ్డలు అడ్డం పెట్టుకుని నవ్వినాము. ఓబుళేసు బీడీ అంటించుకున్నాడు. ఆ బీడీ అయిపోలేదు, గట్టు పడిన చప్పుడు వినపడింది.

చేతులతో తవ్వినా. ముందు ఆమె చెయ్యి దొరికింది. గాజులు ఒక్కటి కూడా ఇరగలేదు.

ఇదొక్కటే అయితే ఎప్పుడో వచ్చి ఆయప్ప కాళ్లు పట్టుకునేవాణ్ణేమో. సాయంత్రం తాలూకా అధికారి వచ్చినాడు. బాలప్పను చావిట్లోంచి మంచంతోనే డేరా ముందుకు మోసుకొచ్చిరి. "దొర చెప్పినాడు" అంటే, అధికారి నన్ను అడిగినాడు, ఈడ దొర ఎవరన్నా ఉండారా అని. నేను ఇంగ్లీషులో "నో సార్, సన్‌స్ట్రోక్" అన్నా. ఆ గొంతుతోనే అన్నా అక్కా. భయంలో అదే వచ్చింది. అధికారి నన్ను కింది నుంచి పై దాకా చూసి, "బాగా మాట్లాడతాండావే" అని కుర్చీ ఇప్పించినాడు. నా మాట రాసుకున్నాడు, వాళ్లంతకు వాళ్లే దిగినారు అని. దాని కింద నా సంతకం ఉండాది.

నేను ఆ రెండు మాటలు అన్నప్పుడు బాలప్ప మంచం మింద నుంచి లెయ్యబోయినాడు, ఇరిగిన కాలితో. అందరూ చూసినారు. "పాపం, బుద్ధి చెడింది" అనుకున్నారు. ఎందుకు లేచినాడో తెలిసినోణ్ణి నేను ఒక్కణ్ణే, కుర్చీలో కూర్చోనుండా.

ఈడ ఫోన్లో అవతల కుర్చీ జరిగిన చప్పుడు విన్నప్పుడంతా నాకు ఆ మంచం కిర్రుమన్నదే వినపడతాది. అయినా ఆ పనే చేసుకుని బతుకుతాండా. నీకు నవ్వుకుంటా రాసినా.

ఈ కాగితం కాల్చెయ్యి, లేదంటే ఆయప్పకు చదివి వినిపించు. నీ ఇష్టం అని రాస్తే నీ మింద భారం వేసినట్లయితాది. చదువు అక్కా.

జిలాను


వజ్రకరూరు,
20-6-1958

తమ్ముడూ,

చదివినా.

ఆయప్ప గుడిసె ముందర, పొద్దున పూట. నేను చదువుతాంటే తల వంచుకుని కందుల్లో రాళ్లు ఏరుతానే ఉండాడు. ఆయప్ప తల ఎత్తలేదు. అయిపోయినంక "ఆ 'అప్పా' కాడ మళ్లా చదువు" అన్నాడు. "నోరు జారింది" అని చదివితి. "జారిందా. కావాలని అనలేదా" అన్నాడు. లేదంట బాలప్పా, అంటి.

నేను కాళ్ల మింద పడబోతే చెయ్యి అడ్డం పెట్టినాడు. "నీకు ముందే తెలుసునా?" అన్నాడు. తెలుసు అంటి. జిలానూ, ఆ మాట చెప్పడం కంటే నీ జాబు చదవడమే సులభంగా ఉండె. అబద్ధం చెప్పింటే బాగుండునేమో అని ఇప్పటికీ అనిపిస్తాంది. ఆయప్ప నేనిచ్చిన ఆ కందుల చేట నా తట్టు జరిపి, "ఇంటికి పోమ్మా" అన్నాడు.

నాలుగు దినాలు నా గంజి ముట్టలేదు. ఐదో దినం తానే మా వాకిట్లోకి వచ్చినాడు.

"పీర్ల పండక్కు జిలానును రమ్మని రాయి. ఆ పొద్దు ఊరంతా పీర్ల చావిడి ముందర ఉంటారు, నన్ను నవ్వినోళ్లంతా. ఎవరికీ ముందర చెప్పొద్దు. చావిడి గోడ వెనక నిలబడి ఆ గొంతుతో ఒక్కసారి అరవమను. తర్వాత బయటికొచ్చి నేనే అని చెప్పమను. అంతే నాకు కావాల్సింది" అన్నాడు.

నేను నీకేమీ చెప్పను. వస్తే బస్సు పదకొండుకు వస్తాది.

రమీజా


కదిరి,
3-8-1958

అక్కా,

బస్సుకు టైమయిందని అబద్ధం చెప్పి వచ్చేసినా. ఆడ నిలబడలేకపోయినా. నీ చేతి బువ్వ కూడా తినలేదు. వచ్చి వారం అయింది, మొదటిసారి కలం పట్టుకుంటాండా.

గోడ వెనక నిలబడినప్పుడు నాకేమీ కనపడలేదు. తప్పెట్లు ఆగినాయి, జనం మాటలు, ఎవరో నవ్వు. ఆ గొంతు రాదేమో అనుకున్నా, వచ్చింది. ఎప్పటి మాదిరే, బ్రహ్మాండంగా వచ్చింది. "గెట్ అప్! లేవండి!" అన్నా. మాటలన్నీ ఒక్కసారి ఆగిపోయినాయి. తర్వాత మంచాలు కిర్రుమన్నాయి, గాజులు గలగలమన్నాయి.

బయటికొచ్చి చూస్తే అందరూ నిలబడుండారు. రంగన్న తలగుడ్డ చేతిలో ఉండాది. ముత్యాలప్ప, ఆంజినమ్మ, నాకంటే చిన్నోళ్లు కూడా, దొరను కంటితో చూసింటారా వాళ్లు? నువ్వు కూడా అక్కా. అంతా తెలిసిన నువ్వు కూడా కొంగు తల మిందికి లాక్కుని నిలబడుంటివి. బాలప్ప ఒక్కడే కూర్చోనుండె.

నేను చెప్పాల్సింది చెప్పినా. ఎంత చెప్తినో, ఏమి చెప్తినో గుర్తు లేదు. ఎవరన్నా రాయి ఎత్తుతారేమో అని చూసినా. ఎవరూ ఎత్తలేదు. అందరూ నేలకేసి చూస్తాండారు.

తాలూకా ఆఫీసుకు అర్జీ పంపినా. ఆ దినం వాళ్లంతకు వాళ్లు దిగలేదు, పిలిచిన గొంతు నాది, బాలప్ప చెప్పింది నిజం, నేను చెప్పింది అబద్ధం అని తెలుగులోనే రాసినా. ఏం చేస్తారో చేయనీ.

వెంకటేశులన్నకు ఫోను ఎత్తనని చెప్పినా. "యామైంది, గొంతు పోయిందా?" అన్నాడు. అవునంటి. ఇప్పుడు గోనె సంచులు కుట్టించే తావ వేసినాడు. ఫోను మళ్లా బి.ఏ. గుమాస్తాకు పోయింది. వ్యాగన్లు ఆలస్యంగా వస్తాండాయి.

నేను వచ్చేసినంక బాలప్ప ఏమన్నాడు? ఏమన్నా సరే, తగ్గించకుండా రాయి.

జిలాను


వజ్రకరూరు,
14-8-1958

తమ్ముడు జిలానుకు,

నువ్వు పోయినంక చాలాసేపు ఎవరూ కూర్చోలేదు. కూర్చుంటే లేచినట్లు ఒప్పుకోవాల గదా. బాలప్పే "కూర్చోండప్పా, దొర పోయినాడు" అన్నాడు. ఎగతాళిగా కాదు, మామూలుగా. రంగన్న వచ్చి ఆయప్ప పక్కన కూర్చుని, తలగుడ్డతో మొగం తుడుచుకుని, "నేనూ లేచినా బాలప్పా" అన్నాడు. ఆ తర్వాత పిల్లోల్లు ఆయప్ప వెనక అరవడం నేను వినలేదు. నీ మింద కోపంగా ఉండేటోళ్లు ఉండారు. ఓబుళేసును తిట్టేటోళ్లు ఉండారు. నాతో మాట మానేసినోళ్లు ఇద్దరుండారు, బయమ్మ ఒకతె. సరే.

నేను ఎందుకు లేచినానో నాకు తెలీదు. అడగొద్దు.

నిన్న బాలప్ప వచ్చి, "నీ తమ్మునికి నేనొక జాబు చెప్తా, రాసిపెట్టు" అన్నాడు. ఆయప్ప చెప్పింది చెప్పినట్లే కింద రాస్తాండా.

జిలానూ, నేను బాలప్పను. రాసేది మీ అక్క, మాట నాది. నిన్ను క్షమించినా అని నేను చెప్పలేను. వస్తాదేమో అని చూసినా, రాలేదు. అయితే నువ్వు నలుగురి ముందర నీది చెప్పినావు. నాది ఒకటుండాది, అది కూడా నువ్వు వినాల.

ఆ దినం నువ్వు అరిస్తే లేచింది నేను. హనుమక్క లేయలేదు. "అది దొర గొంతు కాదు. దొర నిన్ను అప్పా అంటాడా? ఎవడో మన తట్టోడే ఆట పట్టిస్తాండాడు, కూర్చో" అనింది. ఆమె చెప్పింది నిజమని నాకు ఆ క్షణమే తెలుసు. తెలుసు గానీ, దొర గొంతులో నన్ను అప్పా అంటే నాకు లోపల ఎట్ల ఉండిందో చెప్పలేను. నా బతుకులో తెల్లోడు గానీ, నల్లోడు గానీ, అధికారం ఉండేటోడు ఒక్కడూ నన్ను ఆ మాట అనలేదు. అది అబద్ధం కాకుండా పోతే బాగుండు అనుకుంటి. "నీకేం తెలుసు, లెయ్యి, దొర మర్యాదగా అడుగుతాండాడు" అని ఆమె చెయ్యి పట్టి లేపింది నేను. తట్ట నెత్తికెత్తింది నేను. ఆమె ముందు దిగింది, నేను గడ్డపార తీసుకుని వెనక దిగినా.

ఆరేండ్లు దొర, దొర అని నేను చెప్పుకుంటా తిరిగింది పిచ్చి కాదు. దొర చెప్పింటే దిగకుండా ఉండేటోడు ఎవడు? దొర కాకపోతే ఆమెను దించింది నేనే అయితాను. అందుకే మొండికేసి దొరే అంటి. ఆ తెల్ల ముసలాయన వచ్చి మాట్లాడినంక ఆ మొండి నాతో కాలేదు. మీ అక్కను అడిగింది కూడా, అవును బాలప్పా, మా దొర అప్పా అనేవాడు అంటాదేమో అని ఆశ. ఆమె నిజం చెప్పింది.

గోడ వెనక నువ్వు అరిచినప్పుడు నేను లేయలేదని అందరూ నా ధైర్యం అనుకుంటాండారు. కాలు నొప్పిగా ఉండె.

ఆమె పడిన చోట ఒక రాయి పాతాలని ఉండాది. గుర్తుకు. మంచి బండ చూసిపెట్టినా, వంక పక్కన ఉండాది. ఊర్లో ఎవరినన్నా అడిగితే వస్తారు. వాళ్లను పిలిచేది నాకు ఇష్టం లేదు. పొడుగు బండ, ఒక్కనితో కాదు. నువ్వు వచ్చి ఒక కొస పట్టుకో.

ఇంతవరకు బాలప్ప మాట. వేలిముద్ర వేస్తానన్నాడు, వేయించినా.

రమీజా